సమశాసనమును గడ్డమీది ఇల్లును

ధర్మము అందఱకు నొక్కటియే కావలెనని మనము తఱచు చెప్పుకొనుచుందుము. బడిలో పిల్లలకు మేమును అదియే బోధించుచున్నాము. ధనికున కొక న్యాయము, పేదకు వేఱొక న్యాయము కూడదు. పట్టణమున కొక చట్టము, పల్లెకు మఱియొక చట్టము కూడదు. సంఘసంస్కరణమంతయు ఈ యొక్కమాటపైననే నిలిచినదన్నను తప్పులేదు. అట్టి మాటను శంకించుటకు మేము పూనుకొంటిమన్నచో చదువరులలో కొందఱు కనుబొమలు ముడివేయవచ్చును. సమత్వమునందు మాకును వారికున్నంత విశ్వాసమే కలదు. ఆ సమత్వమును ఏ బద్దతో కొలుచుచున్నామో ఒకసారి చేతబట్టి చూడవలెనని మాత్రమే మా మనవి.

ప్రశ్న యిది. ఇల్లు కట్టుకొను విధమును, కప్పుగుండ దిగు వేడిని, ఇంటిలో వ్యయమగు విద్యుత్తును ప్రభుత్వము శాసింపవచ్చునని నేటి లోకము ఒప్పుకొన్నది. ఆ శాసనము నడిబజారు మేడకును నడియేటి గుడిసెకును ఒక్కరీతిగా వర్తించిన న్యాయమగునా? వర్తింపకుండ గుడిసెను విడిచిపెట్టిన మాత్రము న్యాయమగునా?

నడియేటి గుడిసె యనుట అలంకారమునకు గాదు. ఏటి నడుమ తేలిన నేలను మా ప్రాంతమున గడ్డ యందురు. గోదావరి సీమవారు లంక యందురు. కృష్ణానది తెలంగాణమున అడుగిడునది మా నారాయణపేట జిల్లాలోని తంగిడి యొద్ద. భీమ వచ్చి కలియునదియు నచ్చటనే. అచ్చటినుండి దిగువకు నది పలుచోట్ల పాయలుగా చీలి, నడుమ గడ్డలను విడిచి పాఱును. మక్తల్ మండలమందలి పంచదేవపహాడు రేవులో పుట్టి యెక్కి కురువపురమునకు పోవు దత్తభక్తులను మా సీమలో నెఱుగనివారు లేరు; ఆ క్షేత్రమున్న గడ్డ రాయచూరు జిల్లాలోనిది. ఇంకను దిగువకు పోయినచో, గద్వాల మండలమున గుఱ్ఱంగడ్డ యను ఊరు రెండు పాయల నడుమ నున్నది. జూరాల గేట్లెత్తిన వానకాలములలో ఆ యూరు లోకమునుండి తెగిపోవుటను ఏండ్లతరబడి పత్రికలలో చదువుచునే వచ్చితిమి. వెదురుబద్దలతో గుండ్రముగా అల్లి, పూర్వము తోలును, ఇప్పుడు తారుపూసిన గుడ్డనో ప్లాస్టిక్కునో చుట్టిన పుట్టియే గడ్డవారికి బండియు, అంబులెన్సును, పెండ్లిపల్లకియును. 2020 ఆగస్టులో పంచదేవపహాడునుండి తమ గడ్డకు మరలిపోవుచున్నవారి పుట్టి తిరుగబడి ప్రాణములు పోయినవి. అంగడికి పోయి ఇల్లు చేరుటయే ప్రాణముతో పందెమైనచోట ఒక్కొక్క సిమెంటు సంచి దాటుట యెట్టిదో ఊహించుకొనవచ్చును.

ఈ గడ్డల చుట్టును విద్యుత్తునకు కొఱత లేదు. కృష్ణకు ఆవలి గట్టున, రాయచూరు జిల్లా శక్తినగరమున 1,720 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమున్నది. జూరాలవద్ద నదీజలమే 234 మెగావాట్ల కేంద్రమును త్రిప్పును. గడ్డవారిని లోకమునుండి వేఱుచేయు నీరే దూరనగరములలో దీపములు వెలిగించుచున్నది. వరద వచ్చి స్తంభములు ఒఱిగిన దినమున ఆ నీటి నడుమనున్నవాడు చీకటిలో కూర్చుండును. ఎవరి దోషమును గాకపోవచ్చును. అయినను శాసనకర్త కన్నులముందు ఉండదగిన చిత్రమిది.

ఇక శాసనములను చూతము. మన దేశమున 2001లో ఇంధన సంరక్షణ చట్టము వచ్చినది. దాని ననుసరించి 2007లో పెద్ద వాణిజ్యభవనములకు ఒక నియమావళి నేర్పఱచిరి. 100 కిలోవాట్ల విద్యుద్భారమునకు తగ్గని భవనములు దాని పరిధిలోనివి. 2018 డిసెంబరులో నివాసగృహములకు ఎకో నివాస్ సంహిత యను పేర మఱియొక నియమావళిని ప్రకటించిరి. అది 500 చదరపు మీటర్లకు తగ్గని స్థలమున కట్టు ఇండ్లను ఉద్దేశించినది. 2022లో చట్టమును సవరించి నివాసగృహములను మఱింత గట్టిగా దాని క్రిందికి తెచ్చుటకు దారి చేసిరి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. 600 చదరపు గజములును అంతకు మించియు నున్న స్థలములలోని నివాసములకు అది విధి, అంతకు చిన్నవానికి ఐచ్ఛికము.

ఇట్టి శాసనములు వలదనువారితో మేము ఏకీభవింపము. ఇల్లు ఒకరు కట్టుదురు, ఏబదియేండ్లు ఇతరులు కాపురముందురు. కట్టినవాని అజ్ఞానమునకు కోడలు వంటయింటిలో శిక్ష ననుభవించును. కప్పుగుండ దిగిన వేడిని తఱుముటకు యంత్రము త్రిప్పినచో, ఎక్కడనో బొగ్గు కాలును, ఎవరి పొలముమీదనో బూడిద పడును. నా యిల్లు నా యిష్టము అనుమాట పొరుగువానికి హాని లేనంతవఱకే చెల్లును. కాబట్టి శాసించుట తగును. ఎకో నివాస్ సంహితయందు మేము మెచ్చుకొను గుణమొకటి కలదు. కప్పు ఇటుకతో వేయుము, సిమెంటుతో వేయుము అని అది చెప్పదు. లోపలికిని వెలుపలికిని ఒక్క డిగ్రీ తేడా యున్నప్పుడు, కప్పులోని ఒక్కొక్క చదరపు మీటరుగుండ సాగు వేడి 1.2 వాట్లకు మించరాదు అని మాత్రము చెప్పును. ఏ పదార్థముతో దానిని సాధింతువో నీ యిష్టమని విడుచును. పైన ఏ రక్షణయు లేని వట్టి సిమెంటు స్లాబు ఈ హద్దునకు సుమారు మూడురెట్లు వేడిని సాగనిచ్చును.

ఇప్పుడు పేదవాని యింటి నియమమును దీనిప్రక్కన నిలిపి చూడుడు. 2025 ఫిబ్రవరి 21న మా పట్టణమునకు చేరువనున్న అప్పక్‌పల్లెలో ఇందిరమ్మ ఇండ్లకు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసినారు. ఇంటికి 5 లక్షల రూపాయల సాయము. 400 చదరపు అడుగులకు తగ్గని ఇల్లు, వంటగది, మరుగుదొడ్డి, ఆర్‌.సి.సి. కప్పు. పని ఒక్కొక్క దశకు వచ్చిన పిమ్మట విడతలవారీగా సొమ్ము. ఇది గొప్ప సాయమనుటకు మాకు సందేహము లేదు; ఎన్ని కుటుంబములు దీనివలన తల యెత్తుకొనునో మేము చూచుచునే యున్నాము. కాని ఒక విచిత్రమును గమనింపుడు. విశాలమైన స్థలముగల ధనికుని యింటికి శాసనము ఫలమును చెప్పినది, పదార్థమును విడిచినది. పేదవాని యింటికి పదార్థమును చెప్పినది. ధనికుని కప్పుక్రింద ఎంత వేడియుండవలెనో లెక్కవేసినవారు, పేదవాని కప్పు సిమెంటుదైన చాలుననుకొనిరి.

ఈ దోషమున మాకును భాగము కలదు. మా యౌవనమునందలి సంస్కారోత్సాహమును ఇచ్చట ఒప్పుకొనక తప్పదు. మా సీమలో పాతయిల్లనగా మట్టిమిద్దె. రాతిగోడలు, వానిపై దూలములు, వాసములు, వానిమీద బండలో చెక్కలో పఱచి, జానెడు మందము మట్టిపోసి, పైన చౌడు చల్లుదురు. ఏటేట మృగశిర రాకముందే చౌడు తిరుగవేయవలెను. వేయనినాడు కురియును, దూలము పుచ్చిననాడు కూలును. ప్రతి వానకాలమును ఎక్కడనో ఒకచోట మట్టియిల్లు కూలి నిద్రించుచున్నవారు చనిపోయిరన్న వార్త వినుచుందుము. గోడసందులలో తేళ్ళు, వంటయింటిలో పొగ. వీనినన్నిటిని చూచి మేము ఇరువదియేండ్లు తల్లిదండ్రుల సభలలో ఒక్కటే మాట చెప్పుచు వచ్చితిమి: మట్టిమిద్దెను విడువుడు, పక్కా ఇల్లు కట్టుకొనుడు, అది ఆరోగ్యము, అది నాగరికత. వినువారు తల యూచిరి. మాకు ఆనందమైనది. మేమే మగ్గముల వీధిలో ఒక నేతగానికి ఇట్లు చెప్పి స్లాబు వేయించితిమి. రెండు వేసవులు గడచిన తరువాత ఆతడు, గుంటమగ్గముమీద ఎండవేడికి పోగు పొడియారి తెగుచున్నదని నేలపై నీళ్ళు చల్లుకొనుచు నేయుట చూచితిమి. పట్టణమగుటచేత ఆతడు అప్పు చేసి కూలరు కొనెను. తప్పు సరిపడినదని మేమును మరచితిమి.

గడ్డమీద అట్టి తప్పు అంత సులభముగా సరిపడదు. మాయొద్ద చదివిన యొకడు కృష్ణలోని ఒక గడ్డవాడు, ఊరిపేరు చెప్పము. బడికి పుట్టిలో వచ్చి, ఏరు పొంగిననాళ్ళలో మా పట్టణమున బంధువుల యింట నుండి చదివినవాడు. కొన్నియేండ్ల క్రిందట ఆతనికొక గృహపథకమున ఇల్లు మంజూరైనది. మా యాశీర్వాదమునకు వచ్చినప్పుడు, తండ్రినాటి మట్టిమిద్దెను దింపి స్లాబు వేయుమని మేమే ధైర్యము చెప్పితిమి. ఖర్చు లెక్క వేయవలెనని మాకు తోచలేదు.

ఆ లెక్కను తరువాత వేసితిమి. 400 చదరపు అడుగుల స్లాబు నాలుగున్నర అంగుళముల మందము వేసినచో సుమారు పది టన్నుల బరువు. అందులో ఇసుకను నీటిని కృష్ణయే యిచ్చును. మిగిలినది అయిదు టన్నుల కంకర, ముప్పదికి దగ్గఱగా సిమెంటు సంచులు, మూడు నాలుగు క్వింటాళ్ళ ఇనుము. ఇది కప్పు మాత్రమే. పునాదియు గోడలును వేఱు. పుట్టివాడు ఒక్కతూరి పది సంచులకు మించి ఎక్కింపనన్నాడు. ఎండకాలమున ఒక పాయ ఇంకినప్పుడు ట్రాక్టరు దాటును గాని, విడత సొమ్ము వచ్చినది ఆషాఢమున. ఏరు నిండుగా నున్నది. పని ఆపిన గడువు దాటునను భయము. ఆపకున్న ఒక్కొక్క సంచికి పుట్టికూలి, రేవుకూలి, గట్టెక్కించిన కూలి. సంచులు రెండు తడిసి గడ్డకట్టినవి. గట్టుమీది ఊరివానికి సరిపోయిన సొమ్మే గడ్డవానికి వచ్చినది. ఒక్కరూపాయి తక్కువ ఇయ్యలేదు, ఒక్కరూపాయి ఎక్కువ ఇయ్యలేదు. సమశాసనము అక్షరాల నెఱవేఱినది. ఆతనికి మిగిలినది అప్పు.

ఆ మఱుసటి యేడు వైశాఖమున మేము గడ్డకు పోయితిమి. ఇల్లు తెల్లగా, చక్కగా నున్నది. మధ్యాహ్నము రెండుగంటలవేళ లోపల ఎవరును లేరు. ముసలితల్లి వేపచెట్టు క్రింద మంచము వేసికొని పడుకొన్నది. మమ్ము చూచి లేచి కొంగు సవరించుకొని, కుశలమడిగి, మేము అడుగకుండగనే చెప్పినది: "పాత మిద్దె వానకు కురుస్తుండె సారూ, గని ఎండకు ఇట్ల కాలకుండె." ఆ మాటలో నింద లేదు. కోడలు నీళ్ళు తెచ్చి యిచ్చుచు, రాత్రి పదిగంటలవఱకు వంటయింటిలో నిలువలేమని, పసిబిడ్డకు వేడిపొక్కులు తగ్గుటలేదని చెప్పినది. పంకా యున్నది, గాలి దుమారమునకు తీగ తెగి మూడుదినములైనది. తీగ కట్టువాడు పుట్టియెక్కి రావలెను గదా.

ఇంటి మీదికి చూచితిమి. స్లాబుపై నాలుగు గుంజలు నాటి, జొన్నచొప్ప పఱచి పందిరి వేసియున్నది. అది ముసలమ్మ చేయించినది. చొప్పకును స్లాబునకును నడుమ మూరెడు ఖాళీ విడిచినది, గాలి ఆడవలెనని. ఇంజనీరు ఎవడును ఆమెకు చెప్పలేదు. పందిరి పడిన పిమ్మట ఒక గదిలో పగలుకూడ కూర్చుండగలుగుచున్నారట. కాని దానికొక చిన్నకథ యున్నది. కడపటి విడతకై తనిఖీకి వచ్చిన యొకరు, పక్కా ఇంటిమీద చొప్ప యున్నచో ఫొటోలో గుడిసెవలె కనబడునని, తీసివేసినగాని బిల్లు పంపుట కుదరదని చెప్పిరట. ముసలమ్మ పందిరి విప్పించినది. ఫొటో తీసుకొని ఆయన పుట్టి యెక్కిన వెంటనే మరల వేయించినది. ఈ మాట చెప్పి ఆమె నవ్వినది. మాకు నవ్వు రాలేదు. ఆ తనిఖీకి వచ్చినవారిలో మా ముఖము మాకు కనబడినది. మా సభలలో మేము చెప్పినదియు ఫొటోలో చక్కగా కనబడు ఇల్లే గదా.

ఇందులో దుర్మార్గుడు ఎవడు? నియమము వ్రాసినవారు పేదవాని యిల్లు కూలరాదని వ్రాసిరి. సొమ్ము ఇచ్చినవారు పక్షపాతము చూపలేదు. తనిఖీదారుడు తనకిచ్చిన పత్రమును నింపెను. మేము మేలుకోరియే చెప్పితిమి. అందఱును సద్బుద్ధితోనే నడచినచోట ఒక వృద్ధురాలు వేసవియెల్ల చెట్టుక్రింద గడపినది. నీతిశాస్త్రము ఆలోచింపవలసిన తావు ఇదియే. దుష్టుని దండించుటకు ధర్మశాస్త్రములు చాలును. మంచివారి మంచి నియమము ఒకచోట కీడుగా మాఱునప్పుడు ఆ కీడు ఎవరిది?

అది దూరమును చూడని కంటిదని మాకు తోచుచున్నది. సంహిత వ్రాసినవారు దేశమును ఐదు శీతోష్ణమండలములుగా విభజించిరి. ఎండను, తేమను, చలిని కొలిచిరి. దూరమును కొలువలేదు. ఒక సంచి సిమెంటు, ఒక మరమ్మతుపనివాడు, ఒక తనిఖీదారుడు, ఒక యూనిట్ విద్యుత్తు ఆ యింటికి చేరుటకు ఎంత శ్రమయో ఏ పట్టికయందును లేదు. గడ్డవారి దుఃఖములో సగము ఆ లేని పట్టికయే. ఇంకను ఒక సూక్ష్మము కలదు. శక్తిని పొదుపుచేయు ఇల్లు అందఱకన్న ఎక్కువగా కావలసినది ఎవరికి? తీగ తెగిన మూడుదినములు బాగుచేయువాడు రానివారికి. నగరమున ఇల్లు కాలినను యంత్రము చల్లార్చును. ఇచ్చట ఇల్లు తనంతట తానే చల్లగా నుండవలెను. కావున శాసనముయొక్క ప్రయోజనము గడ్డవానికి అందఱకన్న ఎక్కువ అవసరము. శాసనముయొక్క అక్షరము వానికి అందఱకన్న తక్కువ సరిపడును. అక్షరమును రుద్దినచో వాడు అప్పులపాలగును. ప్రయోజనమునుకూడ త్రోసివేసి, నీవు చిన్నవాడవు, నిన్ను మినహాయించితిమన్నచో వాడు ఎండపాలగును. మినహాయింపు దయవలె కనబడును. తఱచుగా అది మరపునకు పెట్టిన మంచి పేరు.

నదిలోని గడ్డకే యిట్లున్నచో సముద్రములోని దీవుల సంగతి చెప్పనక్కఱలేదు. శ్రీకాకుళము, విశాఖ సీమలనుండి వలసపోయిన తెలుగువారు అండమానులో వేలకొలది కాపురమున్నారు. అచ్చటి విద్యుత్తులో అధికభాగము ఓడలపై వచ్చిన డీజిలును కాల్చుటవలన పుట్టునదే. అట్టిచోట కప్పుగుండ దిగిన వేడికి ఎంత మూల్యమో వారెఱుగుదురు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత నికోబారు దీవులలో నిరాశ్రయులకు రేకుల వసతులు కట్టించిరి. గడ్డికప్పు క్రింద, గుంజలమీద లేచిన గుండ్రని ఇండ్లలో తరతరములుగా నుండినవారు ఆ వేడి ద్వీపమున రేకులక్రింద ఉక్కిరిబిక్కిరియైరి. ఆపదలో త్వరగా ఏదో నీడ చూపవలసినదే; దానిని తప్పుపట్టము. అయితే ఆ త్వరలోకూడ, ఇచ్చట ఇల్లెట్లు కట్టుదురని ఇచ్చటివారిని అడుగుటకు ఒక గంట చాలును.

మన వేడికి ప్రతిగా చలిదేశమున జరిగిన యొక యుదాహరణము కలదు. స్కాట్లండు దేశమునకు జనులు నివసించు దీవులు 2011 జనగణనలో 93. ఆ దేశమున 2024 ఏప్రిల్ 1 నుండి, క్రొత్తగా కట్టు ఇండ్లలో ఇంటనే ఇంధనమును మండించి వేడిచేయు సాధనములు కూడవని నియమము వచ్చినది. కట్టెలపొయ్యియు అందు చేరినది. గాలి చెడరాదు, వాతావరణము వేడెక్కరాదు అను సదుద్దేశము. దీవులవారు ఒక్క ప్రశ్న వేసిరి: తుపానుకు తీగలు తెగి, మంచులో దినములతరబడి విద్యుత్తు లేనప్పుడు మా బిడ్డలను వేడిచేయునది ఏది? నగరవాసి కిది వినోదపు పొయ్యి, మాకు ప్రాణాధారమని చెప్పిరి. ప్రభుత్వము పునరాలోచించి 2025 జనవరి 1 నుండి కట్టెలపొయ్యిని మరల అనుమతించినది. దీవులమీద క్రొత్త నియమముయొక్క ప్రభావము ప్రత్యేకముగా వేఱగుచో దానిని విచారింపవలెనని 2018లోనే ఆ దేశము చట్టము చేసికొన్నది. అట్టి చట్టముండియు పొరపాటు జరిగినది. కాని అడుగుటకు ద్వీపవాసికి ఒక వాకిలి యుండినది, పొరపాటు దిద్దబడినది. మన గడ్డవానికి ఆ వాకిలి ఏది?

ఈ విచారమున ప్రాచీనులు మనకు దారి చూపకపోలేదు. యవనదేశపు అరిస్టాటిలు తన నీతిశాస్త్రమున న్యాయమును గూర్చి చెప్పుచు, లెస్బాసు ద్వీపపు శిల్పుల సీసపుబద్దను ఉదాహరించినాడు. ఇనుపబద్ద వంకరరాతిని కొలువలేదు. సీసపుబద్ద రాతి ఒంపునకు వంగి దానిని సరిగా కొలుచును. చట్టము సామాన్యమును చెప్పును; విశేషము వచ్చినచోట ఇట్లు వంగవలెనని ఆయన భావము. గృహనిర్మాణమునకు సంబంధించిన ఆ పనిముట్టు ఒక ద్వీపమునుండియే రావలసివచ్చుట మాకు ముచ్చట గొల్పినది. మన ధర్మశాస్త్రకారులు దేశకాలములను విడిచి ధర్మమును నిర్ణయింపలేదు; దేశాచారమునకు ప్రమాణత్వ మిచ్చిరి. ఆపస్తంబుడు తన ధర్మసూత్రముల కడపట, శాస్త్రమున చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీలవలనను అన్నివర్ణములవారివలనను గ్రహింపవచ్చునను నొక పక్షమును పేర్కొన్నాడు. ఆ సూత్రమును మేము పాఠశాలయందు వల్లించితిమి. దాని యర్థము చొప్పపందిరి చూచిననాడుగాని మాకు తెలియలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాగలదు. బద్ద వంగుట మొదలుపెట్టినచో ఎంతవఱకు వంగును? నేడు గడ్డవానికి వంగినది రేపు పలుకుబడిగలవానికి వంగదా? సమశాసనము అను కోటను కష్టపడి కట్టుకొన్నది అందుకొఱకే గదా? ఈ ఆక్షేపణము బలమైనది. దేశాచారమను పేరనే అస్పృశ్యతను, బాల్యవివాహమును సమర్థించినవారిని మన తాతలు చూచినారు. దేశాచారమని చెప్పినదెల్ల ధర్మము కాదు. మట్టిమిద్దె కూలి ఒకరు మరణించినను అది మా యాచారమని ఊరకుండుట నేరము. కాని సీసపుబద్దయు బద్దయే యని మఱువరాదు. అది రాతిని కొలువకుండ విడువదు. వంగవలసినది మార్గము, ఫలము వంగరాదు. ఇల్లు కూలరాదు, కాలరాదు, కురియరాదు. ఈ మూడును గడ్డమీదను గట్టుమీదను ఒక్కటియే. రాతితో సాధించెదవా, ఇటుకతో సాధించెదవా, సిమెంటుపై సున్నము పూసి సాధించెదవా యను విషయమున మాత్రము అచ్చటివాని మాట వినవలెను. పలుకుబడిగలవాడు తప్పించుకొనునని భయపడి నిస్సహాయుని ఇనుపబద్దతో కొట్టుట న్యాయరక్షణ యనిపించుకొనదు.

కార్యరూపమున మేము కోరునవి కొద్దియే. ధనికుని యింటికి వేడిహద్దును చెప్పిన సంహితవలె, పేదవాని యింటి నియమమును ఫలమునే చెప్పవలెను. స్లాబు కోరుచోట దానిపైన నీడయో, తెల్లని పూతయో, పెంకులో పఱచుటకు కూడ సొమ్ము కలుపవలెను. ఏరు దాటవలసిన ఊళ్ళకు దాటుకూలిని లెక్కగట్టి ఇయ్యవలెను. అది దానము గాదు, సమత్వమే, ఏలనన గట్టుమీదివానికి ఇచ్చిన ఇల్లే వీనికిని అప్పుడే ఇచ్చినట్లగును. విడతలు ఏటిని చూచి రావలెను. మాఘము మొదలు వైశాఖమువఱకు దాటగలవానికి ఆషాఢమున గడువు పెట్టరాదు. నియమము వ్రాయుటకు ముందు గడ్డమీద ఒక సభ జరుగవలెను. ఆ సభలో పగలు ఇంటనుండు స్త్రీలు మాటాడవలెను. ఇంటి వేడిని ఎఱిగినది వారే. పురుషుడు పొలముననో అంగడియందో ఉండి, రాత్రి వచ్చి ఆరుబయట పడుకొనును.

ఇంటింట ఈ పత్రికను చదువువారు తమకు ఏటి గడ్డతో నేమి పని యని అనుకొనరాదు. మన పట్టణములలోకూడ పైయంతస్తున అద్దెకున్నవారు, స్లాబుమీది రేకుగదిలో కాపురమున్న పనివారు ఇట్టివారే. వారిని ఆ గదిలో ఉంచినవారము మనమే. ఒకసారి మధ్యాహ్నము రెండుగంటలకు ఆ గదిలో ఒక్క గడియ కూర్చుండి చూడుడు. మాకు తెలిసిన సంస్కరణ గ్రంథములలో ఏదియు అంత త్వరగా బోధింపలేదు.

గత వేసవిలో మా విద్యార్థులు కొందఱు సున్నపుబస్తాలు పుట్టిలో వేసికొని, ఆ యింటి స్లాబునకు రెండుపూతలు పూసి వచ్చిరి. వారి వెంట మేమును పోయితిమి. ముసలమ్మ చొప్పపందిరి విప్పనీయలేదు; సున్నము క్రిందను, చొప్ప పైనను ఉండవలెనన్నది. నిప్పురవ్వ పడునేమో యని మేము భయము చెప్పితిమి. "పొయ్యి అవతలికి మార్చిన, సారూ, చూడుండ్రి" అని, కోడలిచేత క్రొత్తగా వేయించిన వంటపాకను చూపినది. తల్లిదండ్రుల సభలలో మేము ఇప్పుడును మాటాడుచున్నాము. అయితే పక్కా ఇల్లు కట్టుకొనుడు అనుటకు ముందు, మీ పాతయింటిలో మంచి యేమున్నదో చెప్పుడని అడుగుచున్నాము. మొదట ఎవరును పలుకరు. కొంతసేపటికి వెనుకవరుసలోని స్త్రీలు పలుకుదురు. ఆ మాటలను వ్రాసి పెట్టుటకు ఒక నోటుపుస్తకమును తెఱచితిమి. అది నిండిననాడు, ఇండ్ల నియమములు వ్రాయు కచేరీకి దానిని మేమే తీసికొనిపోయి యిత్తుము.